మొదటి పంటు వదిలెయ్యమన్న సరంగు గారు

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందండీ! శుక్రవారం పొద్దున్న, కాకినాడ ఆసుపత్రిలో. తల్లీ పిల్లా క్షేమం. పిల్ల ఏడుపు వరండా చివరిదాకా వినపడింది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, సిగ్గు విడిచి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని దారిన పోయే ప్రతివారినీ ఆపి చెప్పాను. ఇంత ఆనందంలో ఉండి కూడా కోపంతో రాస్తున్నాను. ఆ ముందు సోమవారమే మా పక్కింటి సరంగు గారు పోయారు. నాలుగంటే నాలుగు రోజులు ఆగలేకపోయారు ఆ మహానుభావుడు!

చావు కబురూ పురిటి కబురూ ఒక్క నోటితో చెప్పకూడదట. "ఏవండీ, పదకొండో రోజు వెళ్లేదాకా ఆయన మాట ఎత్తకండి" అంది మా ఆవిడ. ఎందుకు ఎత్తకూడదు? ఆయన లేకపోతే ఈ పురుడే లేదు. అందుకే నోటితో చెప్పడం మానేసి కాగితం మీద పెడుతున్నాను. చదివింది ఏడో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

సరంగు గారు నర్సాపురం రేవులో ముప్పై ఏళ్లు లాంచీ నడిపారు. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి, లాంచీ కట్టి, మనుషుల్నీ బళ్లనీ లారీల్నీ గోదావరి దాటిస్తారు చూడండి, ఆ పంటు ఆయన చేతిలో ఉండేది. నేను రైసుమిల్లులో కాటా దగ్గర బస్తాలు తూచినవాణ్ణి. ఆయన నన్ను "కాటాగారూ" అనేవారు. ఇంజను రొదలో బతికిన గొంతు కనుక మామూలు మాట కూడా వీధంతా వినపడేది. రిటైరయ్యాక కూడా కూరల బజారుకు వెళ్లేముందు వేలు తడిచేసి పైకెత్తి గాలి ఎటుందో చూసుకునేవారు. పంచాంగం ఎప్పుడూ బొడ్లోనే ఉండేది. అందులో తిథి తప్ప ఇంకేదీ చదివేవారు కాదు. తిథిని బట్టి పోటు, పోటును బట్టి పంటు. ఆయన శాస్త్రం అంతే.

మూడేళ్ల క్రితం కార్తీకమాసంలో మా అమ్మాయి ఒక్క సంచితో పుట్టింటికి వచ్చేసింది. రామచంద్రపురంలో పదకొండు మంది ఉన్న ఇంట్లో ఆరేళ్లు కాపురం చేసిన పిల్ల. అల్లుడు కాకినాడ కాలేజీలో లాబ్ అసిస్టెంటు. పొద్దున్నే స్కూటరు మీద వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. పెద్దవాళ్ల ముందు భార్యతో మాట్లాడటం ఆ ఇంట్లో మర్యాద కాదు. పువ్వులు తెచ్చినా తల్లి చేతికిచ్చేవాడు. ఏం జరిగిందమ్మా అని అడిగాను.

"ఏమీ జరగలేదు నాన్నా. ఆయన చెడ్డవారు కాదు. ఆయనెవరో నాకు తెలీదు, అంతే" అంది.

పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. మా వియ్యంకుడు గారు, మా బావగారు, ప్లీడరు గుమాస్తా ఒకాయన, అందరూ మాట్లాడారు. మూడోసారి కూర్చుంటే విడిపోయే కాగితం రాసుకోవడమే. ఆ రెండోసారి కూర్చున్న రోజు సరంగు గారు తన అరుగు మీద నుంచి, ఎవరూ పిలవకుండానే అడిగారు.

"మీరంతా బాగా మాట్లాడుకున్నారండి. వాళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

"పడవ నడుపుకునేవాడికి ఎందుకండీ ఇవన్నీ" అన్నారు మా వియ్యంకుడు గారు. ఆ మాటకు నేను అప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

మర్నాడు సరంగు గారు చెప్పాపెట్టకుండా బస్సెక్కి కాకినాడ వెళ్లి, కాలేజీ గేటు దగ్గర అల్లుణ్ణి పట్టుకున్నారు. ఏం బోధించారో అని తర్వాత అల్లుణ్ణి అడిగితే, "ఏమీ అనలేదండీ మావయ్యగారూ. నీకు సెలవులెన్ని ఉన్నాయి అని అడిగారు" అన్నాడు. ఏడు రోజులున్నాయట.

ఆ సాయంత్రం మా ముందుగదిలో పాత కాలెండరు తిరగేసి నేల మీద పరిచారు. వడ్రంగి పెన్సిలుతో గోదావరి పాయలన్నీ గీశారు. నర్సాపురంలో పంటెక్కి అంతర్వేది. అక్కణ్ణుంచి బోడసకుర్రు రేవు దాటి ఓడలరేవు, సముద్రం ఒడ్డున ఒక రోజు. ఎదుర్లంకలో మళ్లీ పంటెక్కి యానాం, కాకినాడ. ఆ పైన ఉప్పాడ దాటి సముద్రం పక్కన దారి ఎంతదాకా ఉంటే అంతదాకా. ఏడు రోజులు, ఒక స్కూటరు, ఇద్దరే మనుషులు.

"కారు మాట్లాడతానండీ" అన్నాను.

"కారుకి డ్రైవరుంటాడు. మూడో మనిషి వద్దండి."

"ఎప్పుడు బయల్దేరడం?"

"మార్గశిర శుద్ధ అష్టమి."

నేను లేచి నిలబడ్డాను. "అష్టమి నాడు ఎవడైనా ప్రయాణం పెట్టుకుంటాడా? అసలే కాపురం కొస ప్రాణంతో ఉంది! ఏకాదశి బాగుంది, ఏకాదశి పెట్టండి."

"ఏకాదశికి కదిలితే ఉప్పాడ చేరేసరికి పౌర్ణమి అవుద్దండి. పోటెక్కి కెరటం రోడ్డు మీదకొచ్చి స్కూటర్ని ఎత్తుకుపోద్ది. అష్టమికి కదిలితే అక్కడికి ద్వాదశి. మిట్టమధ్యాహ్నం పాటులో, నీళ్లు వెనక్కి తీసినప్పుడు, నవ్వుకుంటా దాటెయ్యొచ్చు. ఇంకోటండీ..." అని గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గిస్తే మన మామూలు మాటంత ఉంటుంది. "అష్టమి నాడు ఎవరూ గడప దాటరు. మీ చుట్టాలొక్కరు కూడా రోడ్డు మీద తగలరు."

ఆ పథకానికి అసలు గుట్టు చుట్టాలు తగలకపోవడమేనని నాకు అప్పుడు ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఆ వెధవ పని చేసేవాణ్ణి కాదు. ఆ దారిలో మావాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారో లెక్కపెట్టి, ఏడు కార్డులు రాసి పడేశాను. "చిరంజీవులు ఫలానా రోజున మీ ఊరి మీదుగా వస్తున్నారు, భోజనం మీ ఇంటనే" అని. పిల్లలు ఊరి మీదుగా వెళుతూ తినకుండా వెళ్లారంటే రేపు నేను ఆ గుమ్మం ఎలా తొక్కుతాను? గోదావరి జిల్లాల్లో పుట్టిన ఏ తండ్రైనా ఇదే చేస్తాడు. పైగా గొప్పగా ఆ సంగతి సరంగు గారికి చెప్పాను కూడా, ప్రయాణం రెండు రోజులుందనగా.

పాతికేళ్లలో ఆయన నన్ను తిట్టింది ఆ ఒక్కసారే.

"మీకు బుద్ధుందాండీ కాటాగారూ? ఇద్దర్నీ ఒంటరిగా వదలండంటే ఊరూరా పెళ్లివిందు పెడతారా? మీ బావగారింట్లో పీట వేస్తారు. అల్లుడుగారు మగాళ్లతో ముందు తింటాడు, పిల్ల ఆడాళ్లతో వెనక తింటది. అది రామచంద్రపురం కాదా? ఏడూళ్లలో ఏడు రామచంద్రపురాలు చేశారు కదండీ!"

మా ఆవిడ లోపల్నుంచి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మళ్లీ కాలెండరు పరిచి, ఒక్కొక్క చుట్టం ఊరి చుట్టూ గుండ్రంగా గీత గీసి, ఆ గీత తగలకుండా కాలవగట్ల మీద కొత్త దారి వేశారు. రాజోలు ఊళ్లోకి పోకుండా, అమలాపురం మధ్యలోకి పోకుండా. నేను చేర్చమన్న అన్నవరం కూడా కొట్టేశారు.

"కొండ మీద వ్రతం చేయించుకోవాలని వియ్యపురాలి మొక్కండీ!" అని మొత్తుకున్నాను.

"కొండెక్కితే రామచంద్రపురం వాళ్లు పదిమంది తగులుతారు. స్వామికి తొందరేమీ లేదు. తర్వాతెళ్లొచ్చు."

బయల్దేరే రోజు రేవులో అల్లుడితో, అమ్మాయితో ఆయన చెప్పిన మాట ఒక్కటే. "ఏ రేవులోనైనా మొదటి పంటు వదిలెయ్యండి. రెండోది ఎక్కండి." ఎందుకని నేనడిగాను. "ముప్పయ్యేళ్లు చూశానండీ. పంటు మీద ఎవరూ మాట్లాడుకోరు, ఇంజను రొద. ఎక్కేదాకా తొందర, దిగాక తొందర. పంటు తప్పిపోయి ఒడ్డున కూలబడ్డ మొగుడూపెళ్లాలే మాట్లాడుకుంటారు. వేరే పనుండదు కదా."

ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు. ఎనిమిదో రోజు మా రాజోలు బావగారు ఊగిపోతూ వచ్చారు. ఎనిమిది మందికి వండించి, పనసపొట్టు కూర చల్లారిపోయేదాకా వీధిలో నిలబడ్డారట. "ఏరోయ్, నీ కూతురు నా ఇంట ముద్ద ముట్టదా?" అని అడిగి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లారు. ఈ రోజుకీ నాతో మాటల్లేవు. వియ్యపురాలు గారైతే కొండ ఎక్కలేదన్న కోపంతో నాలుగు నెలలు మా ఆవిడ ఉత్తరానికి జవాబివ్వలేదు.

కాని పిల్లలు తిరిగొచ్చారు. స్కూటరు దిగేటప్పుడే అమ్మాయి అల్లుడి మీద గయ్యిమంటోంది, సంచి ఎక్కడ పెట్టారండీ అని. అల్లుడు దానికి తగ్గట్టే, "నీ ఒళ్లోనే ఉంది చూసుకో" అన్నాడు. మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. సరంగు గారు మాత్రం అరుగు మీద తొడ చరుచుకుని నవ్వారు.

అమ్మాయి తర్వాత వాళ్లమ్మతో చెప్పింది. మొదటి రెండు రేవుల్లోనూ ఇద్దరూ నీళ్ల వంక చూస్తూ కూర్చున్నారట. ఎదుర్లంకలో మొదటి పంటు వదిలేశారు. రెండోది వచ్చేసరికి తగువు మొదలైంది. పువ్వులు అత్తగారి చేతికి ఎందుకిచ్చేవారో దగ్గర్నుంచి, ఆరేళ్ల తగువు. మూడో పంటు వెళ్లింది, నాలుగోది వెళ్లింది. రేవులో సోడాలమ్మేవాడు వచ్చి, "దాటతారా, ఇక్కడే ఇల్లు కట్టుకుంటారా అండీ?" అని అడిగాడట. అప్పుడు అల్లుడు ఏడ్చాడట. పెద్దలు కూర్చుంటే దొరకని మాట అక్కడ దొరికింది. నెల తిరక్కుండా కాకినాడలో రెండు గదులు తీసుకున్నారు.

శుక్రవారం ఆసుపత్రిలో వియ్యపురాలు గారు పదిమందిలో అన్నారు, "కాపురం నిలబడింది, కాయ కాసింది, అంతా మా ఇంటి వ్రతాల ఫలం" అని. దేవుడి మీద నాకు తగువు లేదు. కాని నేను కేకలు వేశాను. "చెల్లెమ్మగారూ, మీ వ్రతాలకి దణ్ణం. ఆ కాపురాన్ని నిలబెట్టింది ఒక లాంచీ సరంగు. ఆయన సోమవారం పోయారు. ఒక్కసారి ఆయన పేరెత్తి దణ్ణం పెట్టండి" అన్నాను. నర్సమ్మ వచ్చి నన్ను బయటకు పంపింది. అల్లుడు నా వెనకే వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, "మీరన్నది నిజమే మావయ్యగారూ" అన్నాడు.

అసలు కోపం ఇంకా చెప్పలేదు. అది సరంగు గారి మీదా, నా మీదా.

సీమంతానికి రమ్మని పిలిస్తే రానన్నారు. "వియ్యపురాలు గారుంటారు. నన్ను చూస్తే ఆవిడకి అన్నవరం గుర్తొస్తది. శుభమా అని పేరంటం జరుగుతుంటే ఎందుకండీ" అన్నారు. నాకు తిక్కరేగింది. "రాకపోతే ఇక నా గుమ్మం ఎక్కకండి!" అన్నాను. "సరేనండి" అన్నారు. అంతే, ఎక్కలేదు. పదకొండు రోజులు సందు అవతల దగ్గుతూ కూర్చున్నారు. చుట్ట మానరు, దగ్గక ఏం చేస్తారు అని నేను మంచం అటు తిప్పుకుని పడుకున్నాను. పోయాక ఆయన అన్నగారి కొడుకు చెప్పాడు, ఆ పదకొండు రోజుల్లో తనే రెండుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడట. ఊపిరితిత్తులు పాడైపోయాయని చెప్పాడట డాక్టరు. "పక్కింట్లో చెప్పకు. వాళ్ల పిల్లకి నిండు నెలలు, నా గోల ఎందుకు" అన్నారట. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలని రాష్ట్రమంతా తిప్పి దారి వేసిన మనిషి, నాతో మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోయారు. రెండడుగులు వేసి ఆ సందు దాటలేకపోయాను నేను. ఎవర్ని క్షమించమంటారు?

ఇక చెప్పవలసిన వాళ్లున్నారు. ఫోనున్నవాళ్లకి అల్లుడు ఎస్టీడీ బూత్ నుంచి చెబుతున్నాడు. లేనివాళ్లకి, ఇది చదివినవారెవరైనా సాయం చేసి చెప్పండి. రెండు కబుర్లూ చెప్పాలి. ఒకటి దాచి ఒకటి చెప్పొద్దు.

రావులపాలెంలో మా పిన్నిగారికి. చెవుడు. ఎదురుగా కూర్చుని చెప్పండి.

ఆత్రేయపురంలో మా పెద్దక్కయ్యకి. పూతరేకులు తీస్తూ ఉంటుంది. కుండ పొయ్యి మీద నుంచి దించాక చెప్పండి.

తణుకులో మా తమ్ముడికి. మనవరాలంటే ఎగిరి గంతేస్తాడు, మోకాళ్లు జాగ్రత్త అనండి.

భైరవపాలెంలో సరంగు గారి అప్పగారికి. మనిషిని పంపితే ఊళ్లో లేదని తిరిగొచ్చాడు. ఎండుచేపల రోజులు కదా, దిబ్బ మీద పాకలో ఉంటుంది. మా అమ్మాయిని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి. ముందు పాప సంగతి చెప్పండి. చేతులు కడుక్కుని, అన్నం తిని, ఎవరి పోలిక అని ఆవిడ అడిగేదాకా ఆగండి. అప్పుడు తమ్ముడి మాట చెప్పండి. ఇసుక మీద తడికల వరస చివర, సముద్రం వైపు మొహం పెట్టి వంగి చేపలు తిరగేస్తూ ఉంటుంది. వెనక నుంచి పిలవకండి. చుట్టూ తిరిగి వెళ్లి, కనపడేలా నిలబడండి.