ఆవిడ చేతి చేపల పులుసు

మా తాడేపల్లిగూడెం చర్చి సంఘంలో ఎవరైనా కన్నుమూస్తే, ఆదరణ కూడికలో వాళ్ల జీవిత చరిత్ర చదవడం ఆనవాయితీ. ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. ఆరేళ్ల క్రితం రిటైరై ఈ ఊరు వచ్చిన కొత్తలో, నేను తెలుగు టీచరునని తెలిసి పాస్టరు గారు ఆ పని నాకు అప్పగించారు. "మీకు మాటలకు కరువా అండీ" అన్నారు. ఎవరైనా పొగిడితే ఇట్టే పడిపోయే మనిషిని. ఒప్పుకున్నాను.

మొదట్లో పోయినవాళ్ల ఇంటికే వెళ్లి కూర్చునేదాన్ని. పుట్టిన ఊరు, పెళ్లి, పిల్లలు అన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కాక అసలు మాటలు మొదలయ్యేవి. ఏడుస్తున్న మనిషి మధ్యలో పకపకా నవ్వేది. ఒకాయన పోయిన తమ్ముడి సైకిలు తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆ సైకిలు గురించి అరగంట చెప్పాడు. ఇంటికొచ్చి రాయడానికి రెండు రోజులు, ఆ పోయిన మనిషిని మనసులోంచి దించుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టేది.

తర్వాత మోకాళ్ల నొప్పులొచ్చాయి. మా కోడలు నా ఫోనులో ఏఐ పెట్టి, "దీనికి నాలుగు ముక్కలు చెప్పండత్తయ్యా, మిగతాది అదే రాసిపెడుతుంది" అంది. నిజంగానే రాసిపెట్టింది. నిమిషంలో పేజీన్నర, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. అప్పటినుంచి ఆ నాలుగు ముక్కలూ ఫోనులోనే అడిగి తెలుసుకునేదాన్ని. నేను చదువుతుంటే జనం కళ్లు తుడుచుకునేవారు. "ఏం రాశారండీ!" అంటే "ఏదోలెండి" అనేదాన్నే తప్ప, రాసింది నేను కాదని ఎన్నడూ చెప్పలేదు. నా కళ్లు మాత్రం తడిసేవి కావు. సిగ్గులేకుండా అదీ ఒక సుఖమే అనుకున్నాను. ఒకసారి ఫోను రిపేరుకిచ్చి కలం పట్టుకుంటే మొదటి వాక్యమే రాలేదు. ముప్పయ్యేళ్లు పిల్లల చేత వ్యాసాలు రాయించిన దాన్ని, ఫోను తిరిగి వచ్చేదాకా కాచుక్కూర్చున్నాను.

పోయినేడు మా వెనక వీధి అంగన్‌వాడీ టీచరు పోయింది. నాకు చాలా ఇష్టమైన మనిషి. చర్చిలో ప్రేమవిందు జరిగినప్పుడల్లా పెద్ద దాకతో చేపల పులుసు తెచ్చి, "నేనే చేశానండీ, ఉప్పు సరిపోయిందా?" అని అందరినీ అడిగేది. ఆవిడ భర్తకు ఫోను చేశాను.

"మీరు వస్తారుగా అండీ?" అన్నారాయన.

"మోకాళ్లండీ. ఫోనులో చెప్పేయండి."

ఆవిడ చింతలపూడి దగ్గర పుట్టిందనీ, పిల్లలు లేరనీ, అంగన్‌వాడీలో రిటైరయ్యేదాకా పనిచేసిందనీ చెప్పి ఊరుకున్నారు. చేపల పులుసు సంగతి నేనే కలిపాను. 'ఆమె చేతి చేపల పులుసులో తల్లి ప్రేమ రుచి తెలిసేది' అని రాసింది ఏఐ. కూడికలో ఆ వాక్యం దగ్గర ఆడవాళ్ల వరసల్లో చిన్న కదలిక. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దుఃఖం ఆపుకోలేకపోతున్నారనుకుని, ఆ వాక్యం ఇంకోసారి చదివాను.

మూడు వారాల తర్వాత, ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ఆయనకిద్దామని వెళ్లాను. మోకాళ్లు ఆరోజు బాగానే నడిచాయి. తలుపు తీసే ఉంది. ఆయన పొయ్యి దగ్గర నిలబడి, దాకను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పుతున్నారు.

"కూర్చోండి మేడంగారూ. దీన్ని గరిటెతో కలపకూడదండీ, ముక్క చితికిపోద్ది."

వాసన నాకు బాగా తెలిసిందే. అదే పులుసు. ఫ్రేమున్న సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"మాది కొల్లేటి లంకండీ" అన్నారాయన. "మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడది మెట్ట ప్రాంతం. చేప వాసనే పడదు. పెళ్లయిన కొత్తలో నేను పనిచేసే రైసు మిల్లు మూసేశారు. ఆవిడ ఉద్యోగానికి పోతే నేను వండిపెట్టేవాణ్ని. మావాళ్లు నవ్వుతారని, వంట తనదేనని చెప్పుకునేదండీ. తర్వాత నాకు పని దొరికినా అదే అలవాటైపోయింది. నలభయ్యేళ్లు నా పరువు కాపాడింది. ఆ ముక్క అందరిలో మీ నోట వినపడాలనుకున్నాను. నాకు నలుగురిలో మాట రాదు కదండీ."

"ఫోనులో చెప్పాల్సింది కదండీ" అన్నాను, తప్పంతా ఆయనదే అయినట్టు.

"ఇలాంటివి ఫోనులో ఎలా చెబుతామండీ? అయినా మీరొస్తారేమోనని రెండు రోజులు మీక్కూడా కలిపి వండాను."

తల కొట్టేసినట్టయింది. వచ్చే ఆదివారం నేనే అందరికీ చెబుతానన్నాను. "ఇంక వద్దులెండి" అన్నారు. ఫ్రేము సంచిలోంచి తీయలేదు.

చర్చిలో కోత పండుగ విందుకి ఆయనే దాక మోసుకొచ్చారు. వడ్డించబోతూ ఆగి, గరిటె వైపే చూస్తూ అన్నారు: "ఇది నేను చేసిందండీ. ఇన్నాళ్లూ నేనే చేశాను. నన్ను నవ్వులపాలు చెయ్యడం ఇష్టంలేక ఆవిడ తనదని చెప్పుకుంది."

 అందరికంటే పెద్దావిడ ఒకావిడ పళ్లెం ముందుకు చాపింది.

"మాకు తెలీదేంటి బాబూ? ఆవిడకి చేప తోమడమే రాదు. మొగుణ్ని ఒకమాట పడనివ్వకూడదని దాని తాపత్రయం. పోనీలే అని అందరం ఊరుకున్నాం. పాపం, టీచరు గారొక్కరికే తెలీదు. రెండుసార్లు చదివారు."

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆయన నవ్వుతూ భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. "నేనే చేశానండీ, ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ ఆదుర్దాగా అందరి మొహాల్లోకీ చూడటం గుర్తొచ్చింది. పాపం, తను రుచైనా చూడని పులుసు గురించి అడిగేది. అప్పటికి ఆవిడ పోయి నాలుగు నెలలైంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.