ఎనిమిదో ఆటో వంతు

జమ్మలమడుగు ఆటో స్టాండులో ఒకాయన పేరు వారాల తరబడి లాటరీలో తగలకపోవడానికి ఏ పార్టీ కూడా కారణం కాదు. కారణం నేను.

అవి ఫ్యాక్షన్ రోజులు. టీ బంకును కూడా పార్టీని బట్టి ఎంచుకునేవాళ్లం. స్టాండులో ప్రొద్దుటూరికి నడిచే ఆటోలు ఎనిమిది. పొద్దున్నే మొదటి ట్రిప్పు దొరికినవాడి బండి బట్టల కొట్లలో పనికి పోయేవాళ్లతో నిండిపోయేది. మిగిలినవాళ్లు బస్సుతో పోటీ పడాలి. ఆ ట్రిప్పు ఎవరిదో చీటీలు వేసి తేల్చేవారు. చీటీలు మడిచేవాడు అవతలి పార్టీవాడని రోజూ గొడవే.

"కంప్యూటర్‌కు పార్టీ ల్యాదు గదా, దాన్నే అడుగుదాం పాండి" అంటూ పక్కనే కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే నా దగ్గరికి వచ్చారు. నాకు వచ్చిందీ అంతంత మాత్రమే. అయినా ఎనిమిది పేర్లలో ఒకటి ఎంచే చిన్న ప్రోగ్రాం రాసేశాను.

మొదటి రోజు ఒకడి పేరు వచ్చింది. ఈలలు వేశారు. మర్నాడూ అదే పేరు. ఆ మర్నాడూ అదే.

"ఏంది సార్, వాడు నీకు అల్లుడా?"

పుస్తకం తిరగేస్తే తెలిసింది: గడియారం చూసి అంకె ఎంచమని చెప్పకపోతే, మిషను ప్రతిసారీ మొదటి నుంచీ అదే వరుస చదువుతుందట. ఆ ఒక్క లైను కలిపాను. పేర్లు మారాయి. అప్పుడప్పుడు తెర మీద ఖాళీ వచ్చేది. "ఇంకా నిద్ర మత్తులో ఉంది" అని మళ్లీ నొక్కేవాణ్ణి.

జాబితాలో చివరాయనకు మాత్రం ఒక్క పొద్దూ వంతు రాలేదు.

"నా పేరు యాడ దాచినావప్పా? ఎవురు చెప్తే తీసేసినావు?" అని గుమ్మంలో నిలబడి అడిగి, సమాధానం వినకుండానే తన పార్టీ చోటా నాయకుడి ఇంటికి వెళ్లాడు.

నేను ప్రోగ్రాం తెరిచి చూశాను. పేర్లను నేను ఒకటి నుంచి లెక్కపెట్టాను, మిషను సున్నా నుంచి లెక్కపెట్టి ఏడు దగ్గరే ఆగుతోంది, ఎనిమిదో పేరు దాకా రావడమే లేదు. సున్నాకు పేరు లేదు, అదే ఆ ఖాళీ. వచ్చిన అంకెకు ఒకటి కలిపి సరిచేశాను. అంతలో ఫోను మోగింది. ఆ చోటా నాయకుడే.

"మావోని పేరు రావల్ల."

"వస్తాది సార్" అన్నాను.

ఆ వారంలోనే వచ్చింది. "మా అన్న ఫోను జేస్తే కంప్యూటరే దిగొచ్చె!" అని ఆయన స్టాండంతా తిరిగాడు. నా తప్పు బయటపడలేదని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ విశ్వాసంతో ఆయన పులివెందుల దాకా పార్టీ మీటింగులకు ఏళ్ల తరబడి జనాన్ని ఊరికే మోశాడు, తన ట్రిప్పులు మానుకుని.

మొన్న ఆయన ప్రొద్దుటూరులో కనిపిస్తే అంతా చెప్పేశాను.

"ఇంగెవురికీ చెప్పాకు సార్. ఇన్నేండ్లలో మా అన్న నాకోసరం చేసిన పని అదొక్కటే అనుకుంటాండా."

అందుకే ఆయన పేరు ఇక్కడ రాయలేదు.