కెప్టెన్ హెన్రీ రెండో భార్య

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం కాదు నేను. నేను ఏనుగంటే మీరు దూడ అనుకోండి, జాతర అంటే నలుగురు మనుషులనుకోండి, మన మధ్య పేచీ ఉండదు. అయితే ఇప్పుడు చెప్పబోయే ఘోరాన్ని ఎంత తగ్గించి విన్నా ఘోరంగానే మిగులుతుంది. కల్పించిన ముక్క ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను. అంతదాకా ఓపిక పట్టండి.

రెండువేల ఆరు వేసవి. మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. నాకప్పుడు ముప్ఫై మూడేళ్ళు. నాకు తెలియని విషయాలు కూడా లోకంలో ఉంటాయన్న సంగతి అప్పటికింకా తెలియదు. మా మామగారు తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. అత్తయ్యగారితో కలిసి మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. వచ్చిన రోజు నుంచీ ఒకటే పాట.

"ఈ దేశానికి చరిత్ర ఎక్కడిదండీ అల్లుడుగారూ? నూరేళ్ళ ఇంటికి బోర్డు పెడతారు! మా ఇంట్లో రుబ్బురోలు అంతకంటే పాతది. దాంట్లో పచ్చడి నూరుకుంటున్నాం గానీ బోర్డు పెట్టామా?"

పైగా తెనాలి వెళ్ళగానే, సాయంత్రాలు కలిసే తోటి మేష్టర్ల ముందు 'చరిత్ర లేని దేశం' అని ఉపన్యాసం ఇస్తానని ప్రకటించారు. ఆ దేశాన్ని ఏరికోరి వచ్చిన అల్లుడి పరువేం కావాలి? వారి ప్రయాణానికి ముందు నాకు మిగిలింది ఒక్క ఆదివారం. ఆ ఒక్కరోజులో అమెరికాకు చరిత్ర ఉందని నిరూపించాలి.

వ్యాన్‌లో పులిహోర డబ్బా ఎక్కించాను. మా ఆవిడ సుధ, అత్తమామలు, నా స్నేహితుడు నర్సింగ్, అతని భార్య, తొమ్మిదేళ్ళ కూతురు స్నేహ ఎక్కారు. రెండు గంటలు డ్రైవ్ చేసి హ్యూరన్ సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు చేరాం. ఒకప్పుడు కలప ఓడలతో కిటకిటలాడిన రేవు. ఇప్పుడు ఒక లైట్‌హౌస్, ఒక ఇటుక చర్చి, చక్కని పాత చెక్క ఇళ్ళు మిగిలాయి.

లైట్‌హౌస్ చూపించాను. "కొండవీడు కోట పక్కన పెడితే అగరొత్తుల స్టాండులా ఉంటుంది," అన్నారు మామగారు. చర్చి చూపించాను. "బాగా కడిగారు," అన్నారు. మ్యూజియానికి తీసుకెళ్ళాను. తలుపుకు తాళం, ఆదివారం సెలవట.

"చరిత్రకు వీక్లీ ఆఫ్ కూడానా!" అని ఆయన నవ్విన నవ్వు సరస్సు అవతల కెనడా దాకా వినిపించింది.

తల దించుకుని నాలుగడుగులు వేశానో లేదో, దేవుడు కరుణించాడు. తెల్లటి చెక్క ఇల్లు, ముందు ఆకుపచ్చ బోర్డు, బోర్డు నిండా చరిత్ర. తలుపు బార్లా తీసి ఉంది. లోపల గోడకు ఓడ చక్రం!

"ఇదీ మావయ్యగారూ అసలు మ్యూజియం! ఓడ కెప్టెన్ గారి ఇల్లు!"

స్నేహ బోర్డు కింద నిలబడింది. "అంకుల్, లాస్ట్ లైన్‌లో ప్రైవేట్ హోమ్ అని ఉంది."

"అది కెప్టెన్ కాలంలోనమ్మా. అప్పుడు ప్రైవేటే కదా."

నర్సింగ్ గొణిగాడు. "బెల్ కొట్టి అడుగుదం భయ్, మనకేం పోతది?"

"నీకు తెలీదు నర్సింగ్, ఇక్కడ అంతా సెల్ఫ్ గైడెడ్."

అత్తయ్యగారు గుమ్మం ముందు ఆగిపోయారు. "మ్యూజియమో మరొకటో, ఎవరో సంసారం చేసిన ఇల్లు. చెప్పులతో నేను అడుగు పెట్టను." ఆవిడ విడిచాక మిగతావాళ్ళకు తప్పుతుందా? వరండా మెట్ల మీద డెబ్భై జతల చెప్పులు తేలాయి. పెళ్ళివారి విడిదిలా కళకళలాడిపోయింది.

లోపల నిలువెత్తు గడియారం, ఊగే కుర్చీ, కుట్టుమిషను, గోడ మీద ఒక అమ్మాయి పాత ఫోటో. సుధ వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. "ఏమండీ, పొయ్యి మీద సూప్ ఉడుకుతోంది!"

"చూశారా మావయ్యగారూ? వాసనతో సహా ఒరిజినల్‌గా పెట్టారు!"

అప్పుడు జరిగింది అసలు ఉపద్రవం. వీధిలో పోయే అమెరికన్ టూరిస్టులు మెట్ల మీది చెప్పులు చూసి, ఇది ఇక్కడి రూల్ కాబోలనుకుని, తమ బూట్లు కూడా వరసలో సర్ది, మేజోళ్ళతో లోపలికి దిగారు. ఒక పటాలం! అందులో ఒకాయన టోపీ తీసి నన్నే అడిగాడు. "టూర్ ఎప్పుడు మొదలవుతుంది?"

మామగారు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు.

"ఇప్పుడే," అన్నాను.

ఓడ లేదు, రేవు లేదు, కెప్టెన్ పేరు హెన్రీ! అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు. ఇక్కడ ఎవరి ఇల్లో, అల్లుడి వ్యాఖ్యానం. ఈ చక్రం తిప్పి హెన్రీ పదకొండు తుఫాన్లు దాటాడన్నాను. ఈ కుర్చీలో ఊగుతూ ఆయన తల్లి సరస్సు కేసి చూసేదన్నాను. టూరిస్టులు "వావ్" అన్న కొద్దీ హెన్రీకి మీసాలు, పగలు, అప్పులు పెరుగుతూ పోయాయి. మామగారు కట్టుకున్న చేతులు విప్పారు. జేబులోంచి చిన్న నోటుబుక్ తీశారు! నేను గెలిచినట్టే.

గుంపు వెనక ఒక ముసలావిడ, గడ్డి టోపీ, చేతిలో టమాటాల బుట్ట, కాళ్ళకు మేజోళ్ళు, శ్రద్ధగా వింటోంది. చెయ్యెత్తి అడిగింది. "ఆ ఫోటోలో అమ్మాయి ఎవరు?"

"మంచి ప్రశ్న! కెప్టెన్ గారి రెండో భార్య. పెళ్ళయిన మూడో నెలలో తుఫాన్లో చిక్కుకుంది పాపం."

"అయ్యో! పోయిందా?"

"సరస్సులో మునిగిపోయింది. శవం కూడా దొరకలేదు."

"ఎలా దొరుకుతుంది బాబూ," అంది ఆవిడ. "అది నేనే. హైస్కూల్ ఆఖరి ఏడాదిలో తీశారు. కాస్త జరుగు, సూప్ మాడుతోంది."

గడియారం టిక్కుమంది. నా గుండె టక్కుమంది. టూరిస్టులు పిల్లుల్లా బయటికి జారుకుని ఒకరి బూట్లు ఒకరు వేసుకున్నారు.

"బెల్ కొడ్దమంటే ఇన్నవా?" అన్నాడు నర్సింగ్.

"ఐ టోల్డ్ యూ, అంకుల్," అంది స్నేహ.

నేను ఎనభై సారీలు చెప్పాను. ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి ఊగే కుర్చీలో కూర్చుంది. "సారీలు చాలు. ఆ హెన్రీ చివరికి ఏమయ్యాడో చెప్పు. ఆ బోర్డు మీద రాసింది మా తాతయ్య గురించి, ఆయన వడ్రంగి. ఈ ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన కట్టినవే. ఓడెక్కితే వాంతులు. ఆ చక్రం ఎవరో పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌లో కొన్నాం. నీ కథే బాగుంది."

ఆవిడ తాతగారి చిత్రిక బయటికి తీసింది. మామగారు దాన్ని రెండు చేతులా అందుకుని, కిటికీ చట్రం మీద ఆ చిత్రిక పట్టిన జాడల్ని వేలితో తడిమి చూశారు. గంటసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఆయన తెనాలి ఇంగ్లీషులో, ఆవిడ సరస్సు ఇంగ్లీషులో. అత్తయ్యగారు ఆవిడకు బొట్టు పెట్టి పులిహోర వడ్డించారు. ఆవిడ మాకు సూప్ పెట్టింది. నిజం చెప్పొద్దూ, మాడిన వాసనే.

తిరుగు దారిలో మామగారు నోటుబుక్‌లో ఏదో రాసుకుంటూ కూర్చున్నారు. విమానం ఎక్కేదాకా రాస్తూనే ఉన్నారు. ఆ ఉపన్యాసంలో అమెరికాతోపాటు నన్నూ కలిపి ఉతుకుతారని ఖాయం చేసుకున్నాను.

రెండు వారాలకు అత్తయ్యగారు ఫోన్ చేశారు. "గంటన్నర చెప్పారు నాయనా ఉపన్యాసం!"

"చరిత్ర లేని దేశమనేనా అత్తయ్యగారూ?"

"అబ్బే, కెప్టెన్ హెన్రీ గురించి! రెండో పెళ్ళాం మునిగిపోయిందనేసరికి ఇద్దరు మేష్టర్లు కళ్ళు తుడుచుకున్నారట. ఉండు, ఆయనేదో అడుగుతారు."

మామగారు ఫోన్ అందుకున్నారు. గొంతులో మూడు నెలల్లో ఎన్నడూ లేని గౌరవం. "అల్లుడుగారూ, మొదటి భార్య ఏమైందని మావాళ్ళు పట్టుబడుతున్నారు. మీరు ఆ సంగతి చెప్పనే లేదు!"

ఆ క్షణాన ఎడమచెయ్యి గుండె మీద వేసుకుని, నర్సింగ్ మీదా, మాడిన సూప్ మీదా ప్రమాణం చేశాను. ఇకపై బెల్ కొట్టనిదే ఏ గుమ్మమూ దాటను. బోర్డు ఆఖరి లైను దాకా చదవనిదే నోరు విప్పను. ఎవరి ఇంట్లోనూ ఎవరికీ రెండో పెళ్ళి చెయ్యను.

ఇక కల్పించిన ముక్క చెబుతానన్నాను కదా. డెబ్భై జతలంటే ఏడు, పటాలమంటే నలుగురు. అవి కల్పనలు కావు, ఏనుగూ దూడా లెక్క. ముసలావిడ నిజం, ఫోటో నిజం, ఫోన్ నిజం. కల్పించింది ఒక్కటే, ఆ ప్రమాణం. ఆవేళ ఫోన్లో నేను నిజంగా అన్నమాట ఇదీ:

"మొదటావిడా? అబ్బో, ఆవిడది పెద్ద కథ మావయ్యగారూ. కుర్చీ లాక్కుని కూర్చోండి."