అడగకుండా ఏదీ పారేయని భాష

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. ఆ రోజుల్లో నేను కరీంనగర్‌లో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. తోటివాళ్లంతా తయారుగా దొరికే ప్రాజెక్టులు తెచ్చుకుంటుంటే, నేను ఏకంగా కొత్త ప్రోగ్రామింగ్ భాషనే తయారుచేస్తానని ప్రకటించాను. (ఉన్న భాషల పరీక్షే రెండోసారి రాసి పాసైనవాణ్ని, అది వేరే సంగతి.) హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయమైంది. ప్రాజెక్టు గట్టెక్కితేనే చేరనిస్తారు.

ఏ ప్రోగ్రాం నడిచినా, వాడి వదిలేసిన సరుకు కంప్యూటర్ మెమరీలో పేరుకుపోతుంది. చాలా భాషలు దాన్ని ఎవరినీ అడగకుండానే ఊడ్చి పారేస్తాయి. ఆ పద్ధతి నాకు మర్యాదగా తోచలేదు. పెద్దపల్లిలో మా ఇంట్లో అవ్వను అడగకుండా ఖాళీ డబ్బా కూడా గడప దాటదు. చిన్నాయన గల్ఫ్ నుంచి తెచ్చిన పెట్టెలకు కట్టిన తాళ్లు సైతం అటుక మీద భద్రంగా ఉంటాయి. అందుకని నా భాష ఏది పారేయాలన్నా ముందు 'పారెయ్యాల్నా, ఉంచాల్నా?' అని తెర మీద అడిగేది. ఇంత సంస్కారమున్న భాష ప్రపంచంలో లేదని గైడ్ మేడంతో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి సంతకం పెట్టింది.

పరీక్ష చేయడానికి వచ్చిన సారు నస్పూర్ వైపు మనిషి, నెరిసిన తల. అక్క పెళ్లి ఫొటోలను ఒక్కొక్కటిగా తెరిచి చూపే ప్రోగ్రాం నా భాషలో రాసి ఆయన ముందుంచాను. చూసేసిన ఫొటోను మెమరీలోంచి తీసేయాలి, అంతే. నేను ఇంటి దగ్గర ప్రతిసారీ 'పారెయ్యి' అనే నొక్కాను కనుక అంతా సాఫీగా నడిచింది. సారు మాత్రం మొదటి ఫొటోకు 'ఉంచు' నొక్కారు. రెండోదానికీ అంతే. అసలు ఫొటో డిస్కులో భద్రంగా ఉంటుందని నాకంటే ఆయనకే బాగా తెలుసు, అయినా 'పారెయ్యి' మీదికి వేలు రావడం లేదు. అప్పగింతల ఫొటోల దాకా వచ్చేసరికి మెమరీ నిండిపోయి కంప్యూటర్ బిగుసుకుపోయింది; తెర మీద అక్కా, నాన్నా నిలిచిపోయారు. నా ఉద్యోగం కళ్ల ముందే పోతోంది.

"సార్, పారెయ్యి అని కొడితే మంచిగ నడుస్తది," అన్నాను సన్నగా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పిల్ల ఏడ్సుకుంట బాపును పట్టుకున్నది. గా ఫొటో పారెయ్యమని ఎవలన్న అంటరా బిడ్డా? అడిగితె మనోళ్లు ఎవ్వలు పారెయ్యమనరు. అడుగకుంట పారేసేటట్టు రాసుకరాపో. వారం టైం ఇస్తున్న."

రాశాను. ప్రశ్న తీసేశాక ప్రోగ్రాం పరుగెత్తింది, సారు సంతకం పెట్టారు, ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ మెమరీ పనే చేస్తున్నాను. దాంట్లో నాకు మంచి పేరు కూడా ఉంది. అప్పటి నా డిజైన్ శుద్ధ తప్పని జూనియర్లకు గట్టిగానే చెప్తాను. చెప్పి, సీటుకొచ్చి కూర్చుని ఇరవై ఏళ్ల ఆ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. వాడంటే నాకిప్పటికీ ఇష్టమే. అంత ధీమాగా తప్పు చేయడం మళ్లీ నాకు చేతకాలేదు.