చప్పుడు లేని పెళ్లికారు

మా మావ కారు కొన్నాక మా ఇంటిల్లిపాదికీ నడక బాగా అలవాటయింది. మావంటే మా అమ్మ తమ్ముడు. ధాన్యం వ్యాపారం చేసేవాడు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో, రాజాం దగ్గర మా ఊరికంతటికీ ఉన్నది ఆయన పాత కారొక్కటే. ఎత్తు వస్తే మమ్మల్ని దించేసేవాడు, బరువు తగ్గితే పెట్రోలు మిగులుతుందని. పల్లం వస్తే ఇంజను ఆపేసేవాడు. మావ దగ్గర కారు నడపడం నేర్చుకున్నానని నలుగురిలో చెప్పుకుంటాను గాని, నిజానికి నాకు పట్టుబడిన విద్య తొయ్యడం.

మావకి ఒక్కతే కూతురు. పెళ్లికొడుకుది గజపతినగరం వైపు. మర్యాదగా ఉంటుందని పెళ్లికొడుకుని తేవడానికి మావ తనే కారు తీసుకుని వెళ్లాడు, పక్కన నేను. వెనక సీట్లో పెళ్లికొడుకు, వాళ్ల నాన్న. మిగతావాళ్లు వెనక బస్సులో.

ఊరి పొలిమేరలో బడి దగ్గర ఎదురుకోలు. మా అమ్మ పానకం బిందెతో, చుట్టాలు పూలదండలతో అక్కడే ఉండాలి. మావ కారు మోత మిట్ట అవతలినుంచే తెలుస్తుంది కాబట్టి అది వినగానే మేళం అందుకోవాలని ఏర్పాటు. అంతదాకా చుట్టాలు బడి లోపల నీడన కూర్చున్నారు, మేళగాళ్లు బడి వెనక గడ్డిమంట మీద డప్పులు కాచుకుంటున్నారు.

మిట్ట ఎక్కగానే మావ చెయ్యి తాళం మీదికి పోయింది.

"ఏటి మావా, ఈరోజు కూడానా?" అన్నాను గుసగుసగా.

"డౌన్లో ఇంజినెందుకురా? దానంతటదే ఎల్తాది. నీ బాబు పెట్రోలు బావి తవ్వించినాడేటి?"

కారు పిల్లిలా దిగింది. బడి వచ్చింది. రోడ్డు మీద ఒక్కరూ లేరు.

"ఆపు మావా!"

"ఇక్కడ బ్రేకేస్తే మల్లా ఇంజిను స్టార్టు సెయ్యాల. ఆలే సూసి పరిగెట్టుకొస్తారు."

ఎవరూ చూడలేదు. కారు తనకు తోచినచోట, సరిగ్గా పందిరి ముందు ఆగింది. అక్కడ గుమ్మడికాయలు తరుగుతున్న వంటవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఒకడు లేచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "కొబ్బరికాయలు తెచ్చినారేటి?" అని పెళ్లికొడుకునే అడిగాడు.

పెళ్లికొడుకు నాన్న కారు దిగలేదు.

"బావగారూ, మా ఊర్లో సచ్చినోడిని కూడా డప్పుతోటే తీసుకెల్తారు. మీరు పెళ్లికొడుకుని సప్పుడు లేకుండా తెచ్చీసినారు."

ఇంతలో మా అమ్మ బిందెతో రొప్పుతూ వచ్చింది. పొలిమేరదాకా వెనక్కి వెళ్లి మళ్లీ వద్దామని ఆయన చేతులు పట్టుకుంది.

"వద్దమ్మా. మల్లా పెట్రోలు కర్సు," అన్నాడాయన.

ముహూర్తానికి తాళి కట్టించారు. కానీ ఆ తరవాత పిల్లని పుట్టింటికి పంపలేదు. పెద్దమనుషులు వెళ్లివచ్చారు. ఎదురురాని ఇంటికి మా కోడలు ఎందుకు రావాలన్నది వియ్యంకుడి జవాబు. ఆయన్ని తప్పుపట్టడం నాకు ఇప్పటికీ సులువే. మావని తప్పుపట్టడమే కష్టం. ఆ మిగిల్చినదంతా ఆ పిల్ల కోసమే.

చివరికి, ఈసారైనా పంపకపోతారా అని మావ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. దారిలో ఏ ఎత్తులోనూ నన్ను దిగమనలేదు. ఏ పల్లంలోనూ తాళం ముట్టుకోలేదు. వాళ్ల వీధిలోకి వెళ్లి, ఇంటి ముందు ఆగి, ఇంజను నడుస్తుండగానే హారను కొట్టాడు.

వియ్యంకుడు అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. తల తిప్పలేదు. మా మరదలు గడపదాకా వచ్చింది. దాటలేదు. కొంచెం చిక్కింది.

"నాన్నా, ఇంజినాపీ. పెట్రోలు కాలిపోతంది."

"కాలనీ అమ్మా," అన్నాడు మావ. స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. రమ్మంటారని చూస్తున్నాడు.

చుట్ట అయిపోయాక ఆయన లేచి లోపలికి వెళ్తూ కోడలిని పిలిచాడు. పిల్ల ఒకసారి మావని, ఒకసారి నన్ను చూసి లోపలికి వెళ్లింది.

మావ గేరు వేశాడు.