ఉప్పూ పసుపూ వేసిన నత్తగుడ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నలభై ప్రాణాలూ ఒక ఉద్యోగమూ పోతాయి. హంతకుణ్ణి నేనే.

డెబ్బైల్లో తిరువూరులో ఒక బడికి నేను టెంపరరీ సైన్సు మాస్టర్ని. ఇన్‌స్పెక్టరు గారు నా పాఠం చూసి మెచ్చుకుంటే పర్మనెంటు. లేదంటే పెట్టె సర్దుకుని విస్సన్నపేట బస్సెక్కి మా ఊరు పోవడమే. ఆయన్ని ముక్కున వేలేయించాలని, తొలకరికి బడి తోటలో నత్త పెట్టిన నలభై పైచిలుకు గుడ్లు ఏరి, సీసాలో తడిమట్టి మీద పెట్టాను. అచ్చం సగ్గుబియ్యమే.

రోజుకో గుడ్డు మైక్రోస్కోపు కింద పెట్టి పిల్లలకు చూపించేవాణ్ణి. మొదట మసక చుక్క. తర్వాత ఆ చుక్క గుడ్డులోని నీళ్ళలో నెమ్మదిగా గుండ్రంగా తిరగసాగింది. ఇంకొన్నాళ్ళకు వీపున పలచటి గుల్ల, దాని కింద కొట్టుకుంటున్న గుండె! "దీని బాల్యమంతా గుడ్డులోనే. బయటికొచ్చేది గుల్లతో సహా బుల్లి నత్తే" అన్నాను, నేనే కన్నంత గర్వంగా.

ఇన్‌స్పెక్షను ముందురోజు రెండు గుడ్లకు బూజు పట్టింది. కంగారుగా సీసా ఇంటికి పట్టుకెళ్ళాను. నాకు వండిపెట్టడానికి ఊరి నుంచి వచ్చి నాతో ఉంటున్న అమ్మ మాగాయ ముక్కలు కలుపుతోంది.

"బూజుకేముందిరా! ఉప్పూ పసుపూ వేసి కలుపు. మాగాయ ఏడాదైనా చెక్కుచెదరదు."

బి.ఎస్సీ. చదివిన ఈ బుర్ర, వినయంగా కలిపింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు మైక్రోస్కోపులోకి వంగారు. "పచ్చగా ఉన్నాయేంటండీ?"

"పసుపండి."

"తిరుగుతుందన్నారు?"

"నిన్నటిదాకా తిరిగిందండి."

"పసుపొక్కటేనా వేసింది?"

"ఉప్పు కూడా అండి."

ఆయన పిల్లల వైపు తిరిగారు. "నత్త మీద ఉప్పు వేస్తే ఏమవుతుందర్రా?"

"చచ్చిపోతుందండీ!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. పోయిన వారమే నేను చెప్పిన పాఠం అది. అంత బాగా చెప్పానని అప్పుడే తెలిసింది.

అందరూ వెళ్ళాక ఒక్కో గుడ్డే చూశాను. అన్నీ ముడతలు పడ్డాయి. ఒక్క గుండె కూడా కొట్టుకోవడం లేదు. నవ్వించాలనే రాస్తున్నాను గానీ, ఆవేళ మైక్రోస్కోపు మీద తల పెట్టి ఏడ్చాను.

ఇంటికెళ్ళి, "అన్నీ చచ్చిపోయాయమ్మా. ఉద్యోగమూ పోయినట్టే" అన్నాను.

అమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. "ఉప్పు చాలలేదేమోరా."

పెట్టె సర్దుకుంటూ, ఆ ఖాళీ సీసా మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇంకా పుట్టని ఏ ప్రాణికీ ఈ జన్మలో ఊరగాయ మర్యాదలు చెయ్యను.