పచ్చ అంటే ఏ పచ్చ

మొన్న మంగళవారం పొద్దుగాల పటాన్‌చెరుల వైర్లు అల్లే మా యూనిట్‌ల పని ఇంకా ఊపందుకోలేదు, గేటు కాడి నుంచి పిలుపొచ్చింది. ఇంటి నుంచి ఫోను, మా ఆయన గొంతు. "నాయిన పోయిండు. చాయ్ తాగి జెరసేపు ఒరుగుతా అన్నడు. మళ్ల లేవలే" అన్నడు. ఫోను పెట్టేసి చూసుకుంటే చేతిల వైరు ముక్క అట్లనే ఉన్నది. పోయింది మా మామ, మా ఆయన తండ్రి.

వచ్చినోళ్లంత ఆయన గురించి మంచిగనే చెప్పిన్రు. గట్టిగ మాట్లాడని మనిషి అన్నరు, ఆ పాత మోటర్‌సైకిల్‌ను పానంలెక్క చూసుకున్నడన్నరు. ఒక్క సంగతి మాత్రం ఎవ్వరు చెప్పలేదు. అది తెలిసినోళ్లం ఇగ నేను, మా ఆయన ఇద్దరమే మిగిలినం.

నేను జోగిపేట దిక్కు నుంచి పోతిరెడ్డిపల్లికి కోడలుగ వచ్చేనాటికి మా అత్త పోయి ఏడాది దాటింది. ఇంట్ల ఇద్దరే మగోళ్లు. మా దిక్కు కోడలు మామ ముంగట నిలవడదు. ఆయన వాకిట్లకు వస్తుంటే ముందుగాల దగ్గుతుండె, నేను లోపలికి పోతుంటి. అన్నం పెట్టి తలుపు చాటు నుంచి గాజుల చప్పుడు చేస్తే వచ్చి తింటుండె. ఒకే ఇంట్ల ఉండుకుంట అన్ని నెలలు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మామ పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఫిట్టర్‌గ చేసి రిటైరైండు. ఆ మోటర్‌సైకిల్ వయసుల మా ఆయన కన్న పెద్దది. బదిలీ మీద పోయే ఆఫీసర్ దగ్గర కొన్నడట. పొద్దున లేవంగనె దాన్ని తుడిచి, ఒక్కసారి స్టార్ట్ చేసి, ఆ చప్పుడు ఇన్నంకనే మొఖం కడుక్కుంటుండె.

ఒక వానకాలం ఎలుకలు బండి వైర్లన్ని కొరికినయ్. మామ పట్నం పోయి కొత్త వైర్ల కట్ట తెచ్చి రేకుల షెడ్డుల కూసున్నడు. మొదటిసారి బిగిస్తే ఫ్యూజు కాలింది. రెండోసారి లైటు స్విచ్ ఏస్తే హారన్ మోగింది. మా ఆయన ముందు నవ్విండు. తర్వాత నవ్వలే. అన్నం తినుకుంట నాతోని మెల్లగ అన్నడు:

"నాయినకు మతి తప్పుతున్నట్టుంది. నా చిన్నప్పుడు ఒక్క గంటల చేసేటోడు గిదంత. ఏనాడన్న ఏమన్న అంటిస్తడేమో అని భయమైతున్నది. బండి అమ్మేద్దామని ఆదివారం తుక్కాయన్ని రమ్మన్న."

వాకిట్ల ఉన్న మామకు ఇనవడ్డది. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు గుడ్డతోని శానసేపు తుడుచుకుంట కూసున్నడు.

తెల్లారి మా ఆయన డ్యూటీకి పోయినంక షెడ్డు నుంచి పిలుపు వినవడ్డది.

"బిడ్డా. జెర ఇటు రా."

నన్నే పిలిచిండా అని అటిటు చూసిన. కొంగు నెత్తిమీదికి లాక్కొని పోయి దూరంగ నిలవడ్డ.

"గీ వైర్లల్ల పచ్చది ఏది?"

వేలు పెట్టి చూపిచ్చిన. ఆయన దాన్ని పట్టుకొని కలిపిండు. మొత్తం అయినంక ఆఖరున బ్యాటరీ వైరు తగిలిచ్చిండు. తగిలియ్యంగనె ట్యాంకు కింద నుంచి పొగ లేసింది. పట్టుకున్న వైరు అట్లనే గుంజేసిండు.

"ఇది పచ్చదేనా బిడ్డా?"

"పచ్చదే మామా. పసుపు లెక్కనే ఉన్నది."

ఆయన నా దిక్కు చూసి నవ్విండు. ఆ ఇంట్ల ఆయన నవ్వుడు నేను చూసుడు అదే మొదటిసారి. "నేను అడిగింది ఆకుపచ్చ" అన్నడు.

"మా ఇంట్ల పసుపు రాసిన కాళ్లను పచ్చగున్నయ్ అంటం. కామెర్లను గూడ పచ్చకామెర్లు అంటరు గద" అన్న, భయపడుకుంటనే.

"నిజమే. తప్పు నీది గాదు, నాది గాదు. మాటది."

అప్పుడు నాకు అనుమానమొచ్చింది. రెండు వైర్లు ఆయన చేతులనే ఉన్నయ్. ఒకటి పసుపు, ఒకటి ఆకు రంగు. "ఆ రెండు ఒక్క తీరుగనె కనవడుతయా మామా?" అని అడిగిన.

ఆ రెండు వైర్లు కింద పెట్టిండు. తర్వాత చెప్పిండు. పుట్టినకాడి నుంచి ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ, మట్టిరంగు అన్ని కలిసిపోతయట, లేత ఆకుపచ్చ పసుపు లెక్కనే ఉంటదట. ఫ్యాక్టరీల ఏ పైపుల ఏం పోతదో తెలిసేతందుకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఏస్తరు. ఈ సంగతి బయటవడితే నౌకరి పోతదని ఏ పైపు ఎటు పోతదో మొత్తం మనసుల పెట్టుకున్నడట. ఇంటికాడ బండి ఇప్పితే మా అత్త పక్కన కూసుంటుండె. చూసేటోళ్లు ఆమె దీపం పట్టుకున్నది అనుకునేది. ఆమె రంగులు చెప్తుండె.

"ఆమె పోయినంక నాకు ఇగ ఎవ్వర్ని అడగబుద్ధి కాలే" అన్నడు.

"అయితే మతి తప్పిందని ఇంట్ల అనిపిచ్చుకుంటరా మామా?" అన్న. నేను కొంగు బొడ్లె చెక్కుకొని పక్కన కూసున్న.

ఆ వారమంత అదే పని. ఎరుపు, నలుపు, పసుపు, ఆకు అని నేను చెప్పేది, ఆయన కలిపేది. ఒక బల్బుకు రెండు వైర్లు కట్టి, కరెంటు ఎక్కడిదాక వస్తున్నదో ఒక్కో జాగల పెట్టి ఎట్ల చూడాలెనో నేర్పిచ్చిండు. "రానికాడ ఎందుకు రాలేదని మొత్తుకుంటే ఏం లాభం? ఎక్కడిదాక వచ్చిందో చూడు, ఆడికెళ్లి ముంగటికి పో" అనేటోడు. తర్వాత బతుకుల శాన కాడ నాకు అక్కరకొచ్చింది గా మాట.

అన్ని సరిగ కలిపినంక గూడ హెడ్‌లైటు ఎలగలే. బల్బు పెట్టుకుంట పోతే లైటుదాక కరెంటు వస్తున్నది, తిరిగి పోయేతందుకే తొవ్వ లేదు. బండి ఇనుముకు తగలాల్సిన వైరు పెయింటు మీద బిగిచ్చి ఉన్నది. ఆయన బ్లేడుతోని అంత జాగ గీకి, ఇనుము మెరిసేదాక రుద్ది, మళ్ల బిగిచ్చిండు. లైటు ఎలిగింది. "చూసినవా, ఈడ గూడ రంగే అడ్డమొచ్చింది" అన్నడు.

ఆదివారం తుక్కాయన వచ్చిండు. మామ ఏం అనకుంట బండెక్కి కిక్కు కొట్టిండు. హారన్ మోగిచ్చిండు, లైట్లు ఏసిండు. బంద్ చేసి, దిగకుంటనే కొడుకుతోని అన్నడు:

"నాకు మతి మంచిగనే ఉన్నది రా. కండ్లకే రంగులు ఆనయి. మీ అమ్మ చెప్తుండె. ఇప్పుడు కోడలు చెప్పింది."

మా ఆయన నా దిక్కు చూసిండు, తండ్రి దిక్కు చూసిండు. మెట్ల మీద కూసున్నడు.

"చిన్నప్పుడు ఆకుపచ్చ పతంగి తెమ్మంటే ఎర్రది తెచ్చినవు. రెండుసార్లు తెచ్చినవు. నా మాటంటే నీకు లెక్క లేదనుకున్న నాయినా, ఇన్నేండ్ల సంది" అన్నడు.

"నాకు గది ఆకుపచ్చనే రా" అన్నడు మామ.

తుక్కాయనకు చాయ్ పోసి పంపినం.

తర్వాత పటాన్‌చెరుల వైర్ల కట్టలు అల్లే యూనిట్ ఒకటి పెట్టి ఆడోళ్లను తీసుకుంటున్నరని మామనే ఇనొచ్చిండు. మా ఆయన ఎనుకముందాడితే, "బిడ్డ చెయ్యి ఆ పనికి పడ్డది, పోనియ్" అన్నడు. అట్ల చేరిన. ఇప్పుడు ఆడ అల్లేటోళ్ల లైన్ మొత్తం చూసుకునేది నేనే.

చలికాలం మేం పని దిగేసరికి చీకటి పడుతుండె. యూనిట్ నుంచి సడక్ దాక గుంతల తొవ్వ, ఒక్క దీపం ఉండకపోయేది. మామ నన్ను తీస్కపోనీకి బండి మీద వచ్చేటోడు. వచ్చి ఎన్నడు సీదా ఎక్కిచ్చుకోలే. "నడువుండ్రి బిడ్డా, నేను ఎనుక ఉన్న" అని అందరిని ముంగట పెట్టుకొని హెడ్‌లైటు ఏసుకుంట మెల్లగ వచ్చేటోడు. బండి నెమ్మదైతే వెలుతురు సన్నగయ్యేది. అప్పుడు ఎక్సలేటర్ జెర తిప్పేటోడు. మళ్ల తొవ్వంత తెల్లగై, రాళ్లు, నీళ్లగుంతలు కనవడేటియి. టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మా నీడలు మా కన్న ముందుగాల, పొడుగ్గ, సడక్ దాక పోతుండె.